కెమెరాను మనిషిలా నిలబెట్టండి

(ఫోటోగ్రాఫర్లు, యూట్యూబ్ చానళ్ళు నడుపుతున్న వాళ్ళ కోసం ఒంగోలులో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. చివర సభలో అడిగిన ప్రశ్నలు కొన్ని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. ముహూర్తాలున్న నెలలో, ఆదివారం పూట, ఇంతమంది ఫోటోగ్రాఫర్లు ఒకచోట కూర్చోవడం మామూలు విషయం కాదు. నెల్లూరు నుంచి, కావలి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. చాలా సంతోషం.

నాకు వారానికి రెండు మూడు ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, వీఆర్ కెమెరా కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావు?" అని. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, చూసేవాళ్ళు అక్కడే ఉన్నట్టు తల తిప్పి చూసుకునేలా తీసే కెమెరా ఇది. ఏది కొనాలో ఇవాళ చెప్తాను, ధరలు కూడా చెప్తాను. దానికంటే ముందు మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు కొత్తపట్నం వైపు ఒక పల్లెలో. పాత పెంకుటిల్లు. దాన్ని పడగొట్టి మా మేనమామ డాబా కట్టుకుంటున్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంతదూరం కారులో కూర్చోలేదు. పడగొట్టే ముందు రోజు నేను కెమెరా తీసుకెళ్ళి వసారాలో ఒకసారి, వంటింట్లో ఒకసారి, పెరట్లో బావి దగ్గర ఒకసారి పెట్టాను. ఒక్కోచోట ఐదేసి నిమిషాలు. వసారాలో మామయ్యను కూర్చోబెట్టి ఆ ఇంటి కబుర్లు చెప్పించాను. అమ్మకు ఆ కబుర్లు వినిపించాలని నా ఉద్దేశం.

ఇంటికొచ్చి అమ్మకు వీఆర్ బాక్సు పెట్టాను, ఆ వీడియో చూడడానికి కళ్ళకు పెట్టుకునే డబ్బా అది. మామయ్య మాట్లాడుతున్నాడు. అమ్మ ఆయన వైపు ఒక్క నిమిషం చూసిందేమో. తర్వాత తల పైకెత్తింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. "ఉట్టి కొక్కెం ఇంకా ఉందిరా" అంది. దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. వాళ్ళమ్మ పెరుగు కుండ పెట్టే ఉట్టి దానికే వేలాడేదట. నేను ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ తిరిగాను, ఆ కొక్కెం ఏనాడూ చూడలేదు. షూటింగ్ చేసిన రోజు కూడా చూడలేదు. మామూలు కెమెరా పట్టుకుని ఉంటే దూలం వైపు తిప్పేవాణ్ణే కాదు.

ఈ కెమెరా పనితనమంతా అందులోనే ఉంది. మామూలు కెమెరాతో ఏది చూపించాలో, ఏది వదిలెయ్యాలో మనం తేలుస్తాం. ఫ్రేము కట్టడమంటే అదే కదా. ఇందులో ఫ్రేము లేదు. ఏది చూడాలో చూసేవాళ్ళు తేల్చుకుంటారు. మన చేతిలో మిగిలేది ఒక్కటే, కెమెరా ఎక్కడ పెట్టాలి అన్నది. ఇప్పటినుంచి నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు ధరల సంగతి. పదేళ్ళ కిందట ఈ పని మనలాంటి వాళ్ళది కాదు. 2015లో నోకియా కంపెనీ ఓజో అని ఒక వీఆర్ కెమెరా తెచ్చింది. గుండ్రటి బంతిలా ఉంటుంది, చుట్టూ ఎనిమిది లెన్సులు. ధర 60,000 డాలర్లు. అప్పటి రూపాయి లెక్కలో దాదాపు 40 లక్షలు. ఒంగోలులో ఆ డబ్బుతో ఇల్లు వచ్చేది. అది ఎక్కువ కాలం నడవలేదు, 2017లోనే నోకియా ఆ పని ఆపేసింది. అదే కాలంలో ఇంకో వైపు నుంచి చిన్న కెమెరాలు వచ్చాయి. రికో కంపెనీ థీటా 2013లో వచ్చింది, మొదటిది ఫోటోలు మాత్రమే తీసేది. 2016లో శామ్‌సంగ్ గేర్ 360. 2018లో ఇన్‌స్టా360 వాళ్ళ వన్ ఎక్స్, 2019లో గోప్రో మ్యాక్స్. ఆ తర్వాత ఇన్‌స్టా360 వాళ్ళవే 2022లో ఎక్స్3, 2024లో ఎక్స్4, 2025లో ఎక్స్5. ఎక్స్3 అమెరికాలో విడుదలైనప్పుడు 450 డాలర్లు, ఎక్స్4 500 డాలర్లు. మన దగ్గరికి వచ్చేసరికి పన్నులతో ఎక్కువవుతుంది. అయినా 60,000 డాలర్లు ఎక్కడ, 500 డాలర్లు ఎక్కడ. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళం ఒక్క మంచి లెన్సుకు ఇంతకంటే ఎక్కువ పెడతాం.

నా సలహా సూటిగా చెప్తాను. మొదటి కెమెరాగా కొత్త మోడల్ కొనకండి. కొత్తది రాగానే చాలామంది పాతది అమ్మేస్తారు. ఒక తరం వెనక మోడల్, వాడినది, మంచి స్థితిలో ఉన్నది తీసుకోండి. తీసుకునే ముందు రెండు లెన్సులూ వెలుతురుకు ఎదురుగా పెట్టి గీతలున్నాయేమో చూడండి. ఈ కెమెరాల్లో లెన్సు ఉబ్బెత్తుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. టేబుల్ మీద పడుకోబెట్టినా గీత పడుతుంది. ఎక్స్5 దాకా వచ్చేసరికి లెన్సు మనమే మార్చుకునే వీలు ఇచ్చారు. పాతవాటికి ఆ వీలు లేదు. అందుకని కొన్నరోజే లెన్స్ గార్డులు కూడా కొనండి.

ఇప్పుడు చాలామంది తికమక పడే విషయం. 360 వేరు, 180 వేరు.

360 కెమెరాకు ముందొకటి, వెనకొకటి, రెండు లెన్సులు. ఒక్కోటి సగానికి పైగా ప్రపంచాన్ని చూస్తుంది. రెండు బొమ్మల అంచులనూ సాఫ్ట్‌వేరు కలిపి కుడుతుంది, దాన్నే స్టిచింగ్ అంటాం. చుట్టూ అంతా కనబడుతుంది. లోతు మాత్రం తెలియదు. ఎందుకంటే ఏ వైపు చూసినా అక్కడ ఉన్నది ఒక్క లెన్సే, అంటే ఒంటికన్ను. లోతు తెలియాలంటే రెండు కళ్ళు కావాలి, రెండు కళ్ళకూ కాస్త తేడాగా బొమ్మ అందాలి. ఈ సంగతి ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టోన్ 1838లోనే స్టీరియోస్కోపు అనే పరికరం చేసి చూపించాడు. అదే కిటుకు మీద 180 కెమెరా నడుస్తుంది. రెండు లెన్సులూ ఒకే వైపు, పక్కపక్కన, మన కళ్ళ మధ్య ఎంత ఎడముంటుందో ఇంచుమించు అంత, ఆరున్నర సెంటీమీటర్ల దూరంలో. వెనక వైపు కనబడదు. కానీ ముందున్న మనిషి నిజంగా ఎదురుగా కూర్చున్నట్టే ఉంటాడు. చెయ్యి చాపితే తగిలేలా ఉంటుంది.

నా మనసుకు 180 ఎక్కువ ఇష్టం. అయితే మన బడ్జెట్‌లో అది దొరకడం కష్టంగా ఉంది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. గూగుల్ 2017లో వీఆర్180 పద్ధతి ప్రకటించినప్పుడు ఇక ఇంటింటికీ ఈ కెమెరా వస్తుందనుకున్నాం. లెనోవో మిరాజ్, వ్యూజ్ ఎక్స్‌ఆర్, ఇన్‌స్టా360 ఈవో అని 2018, 2019 ప్రాంతంలో వచ్చాయి. ఈవోను మడత విప్పితే 180, మూస్తే 360. అవి ఆగిపోయాయి. ఆ తర్వాత 2021లో కెనాన్ ఒక జంట ఫిష్‌ఐ లెన్సు, అంటే బాగా వెడల్పుగా చూసే లెన్సుల జత, తెచ్చింది, లెన్సు ఒక్కటే 2,000 డాలర్లు, దానికి తగిన కెమెరా బాడీ వేరే. స్టూడియో వాళ్ళు నలుగురు కలిసి కొనుక్కోవచ్చు గానీ కొత్తగా చానల్ పెట్టిన అబ్బాయికి అది అందదు. పాత ఈవో ఎక్కడైనా బాగున్నది దొరికితే వదలకండి. లేదంటే 360తో మొదలుపెట్టండి.

కొన్నాక వచ్చే మొదటి ఫోన్ ఏమిటంటే, "అన్నా, 5.7కె అన్నారు, వీఆర్ బాక్సులో చూస్తే మసగ్గా ఉందే, మోసం చేశారా?" ఎవరూ మోసం చెయ్యలేదు. దోశ లెక్కతో చెప్తాను. గరిటెడు పిండి చిన్న మూకుడులో వేస్తే మందంగా అట్టవుతుంది. అదే గరిటెడు పిండి పెద్ద పెనం మీద పరిస్తే పల్చటి దోశవుతుంది. పిండి అంతే. 5.7కె అంటే అడ్డంగా 5,760 చుక్కలు. ఆ చుక్కలన్నీ 360 డిగ్రీలకూ పరుచుకోవాలి. డిగ్రీకి 16 చుక్కలు. మీరు ఒక్కసారి చూసేది సుమారు 90 డిగ్రీలు, అంటే 1,440 చుక్కలు. మంచి కంటిచూపు ఉన్నవాళ్ళు డిగ్రీకి 60 చుక్కల దాకా పోల్చగలరంటారు. మనం ఇచ్చేది దాంట్లో పావు వంతుకు కాస్త ఎక్కువ. మరి మసగ్గా ఉండదా? 8కె కెమెరాలో డిగ్రీకి 21 దాకా వస్తాయి. బాగుపడుతుంది గానీ అద్భుతం జరగదు. 360 కొనేటప్పుడు 5.7కె కంటే తక్కువ మాత్రం తీసుకోకండి. 4కె 360 అంటే ఎదురుగా 960 చుక్కలే. దాంతో ముఖాలు గుర్తుపట్టడమే కష్టం.

ఈ లెక్క నుంచే అసలు పాఠం బయటికొస్తుంది. నేను దాన్ని ఉదయగిరి కొండ మీద నేర్చుకున్నాను.

కెమెరా కొన్న కొత్తలో ఉదయగిరి కోటకు పోయాను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట. ఎండలో ఎక్కి, కొండ కొమ్మున కెమెరా పెట్టి, చుట్టూ లోయలు, బురుజులు అన్నీ తీశాను. ప్రపంచాన్ని గెలిచినంత సంబరంగా ఇంటికొచ్చి చూస్తే ఏమీ లేదు. కొండలు చీమల పుట్టల్లా ఉన్నాయి. అంత పెద్ద గోడ అగ్గిపెట్టెలా ఉంది. అది కోట తప్పు కాదు, నేను నిలబడిన చోటు తప్పు. ఈ లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది కాబట్టి దూరంగా ఉన్నదల్లా చిన్నబోతుంది. ఉన్న కాసిని చుక్కల్లో దూరపు కొండకు దక్కేది గుప్పెడు.

కిందికి దిగాక ఉదయగిరి ఊళ్ళోనే చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఒక ఇంటికి వెళ్ళాను. వరండాలో నలుగురు కూర్చుని చెక్కుతున్నారు. వాళ్ళ అనుమతితో మధ్యలో కెమెరా పెట్టి పక్కకు తప్పుకున్నాను. అలసిపోయి ఉన్నాను, పెద్ద ఆశ కూడా లేదు. ఇంటికొచ్చి చూస్తే ఆ రోజు తీసిన వాటిలో ప్రాణమున్నది అదొక్కటే. ఒక వైపు ఆకురాయి శబ్దం, ఇంకో వైపు పిల్లాడు పొట్టుతో ఆడుకోవడం, నా ఎదురుగా ఒక పెద్దాయన చెంచా గుంతను బొటనవేలితో తడిమి చూసుకోవడం. నేనూ ఆ వరుసలో ఒక మనిషినై కూర్చున్నట్టుంది.

అప్పటినుంచి నా కొలత ఇది. ముఖ్యమైనదేదైనా కెమెరాకు ఒక మీటరు నుంచి మూడు మీటర్ల లోపల ఉండాలి. మీటరు కంటే దగ్గరైతే కుట్టు దగ్గర తెగుతుంది. మూడు మీటర్లు దాటితే చిన్నబోతుంది. 180 కెమెరాకూ ఇంచుమించు ఇదే వర్తిస్తుంది, దగ్గరగా ఉన్నవాటిలోనే లోతు బాగా తెలుస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీ చూపించాలనుకుంటే పైఅంచున నిలబడి గొయ్యి మొత్తం తియ్యకండి. యాజమాన్యం అనుమతి తీసుకుని, భద్రత నియమాలు పాటించి, కోసిన నల్లరాయి పక్కన పెట్టండి. ఆ రాయిలో నక్షత్రాల్లా మెరిసే చుక్కలుంటాయి కదా, ఆ గ్రానైట్‌కు బ్లాక్ గెలాక్సీ అనే పేరే దాన్నుంచి వచ్చింది. మనిషి చెయ్యి ఆ రాయి మీద ఉన్నప్పుడు దాని ఎత్తు తెలుస్తుంది. అంటే పెద్ద ఊళ్ళ వాళ్ళకంటే ఈ కెమెరా మనకే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. వసారాలు, మగ్గం గుంటలు, వంటిళ్ళు, పడవలు, పశువుల పాకలు, అన్నీ మూడు మీటర్ల లోపలి ప్రపంచాలే.

ఎక్కడ అన్నది అయింది. ఎంత ఎత్తులో? అక్కడున్న మనుషుల కళ్ళ ఎత్తులో. వాళ్ళు నిలబడి ఉంటే ఒకటిన్నర మీటరు. పీటల మీద కూర్చుంటే మీటరు లోపే. దానికంటే ఎత్తు పెడితే చూసేవాళ్ళకు తాము అటక మీద ఉన్నట్టుంటుంది. బాగా కిందికి పెడితే అందరూ తమ మీదికి వంగినట్టుంటుంది. అడుగున మూడు చిన్న కాళ్ళు, పైన సన్నటి కర్ర ఉన్న స్టాండు వాడండి. ఆ కర్ర సరిగ్గా రెండు లెన్సుల మధ్య కుట్టు కిందికి వస్తే సాఫ్ట్‌వేరే దాన్ని మాయం చేస్తుంది. లావుపాటి ట్రైపాడ్ పెడితే మాయం కాదు.

కుట్టు అంటే గుర్తొచ్చింది. మా బంధువుల పెళ్ళిలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. మండపంలో వధూవరులకు, పురోహితుడికి మధ్య కెమెరా పెట్టాను. చోటు బాగానే ఉంది. లెన్సు ఏ వైపు తిరిగి ఉందో చూసుకోలేదు. కన్యాదానం వేళ పెళ్ళికూతురి తండ్రి చెయ్యి, ఆ నీళ్ళ ధార, సరిగ్గా కుట్టు మీద పడ్డాయి. చెయ్యి మణికట్టు దగ్గర తెగి, ధార రెండు ముక్కలైంది. ఆ క్షణం మళ్ళీ రాదు. మామూలు వీడియో తీసిన తమ్ముడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు నేను ఎక్కడ పెట్టినా ముందు ఒక లెన్సును నేరుగా ముఖ్యమైన మనిషి వైపు తిప్పి, అప్పుడు రికార్డింగు నొక్కుతాను. పెళ్ళిళ్ళలో దీన్ని ఉన్న కెమెరాలకు తోడుగానే వాడండి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఈ రెండు ఘట్టాలు చాలు. తలంబ్రాలప్పుడైతే చుట్టూ ఉన్న పిల్లల నవ్వులు, వెనక నిలబడి కళ్ళు తుడుచుకునే తల్లి, అన్నీ ఉంటాయి.

కదలకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. కెమెరా పట్టుకుని నడుస్తూ తీసిన వీడియో వీఆర్ బాక్సులో చూస్తే రెండు నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. కన్నేమో కదులుతున్నామంటుంది, చెవిలో ఉండే తూకం చూసే భాగమేమో కూర్చునే ఉన్నామంటుంది. రెంటికీ పొంతన కుదరక వికారం. పడవలో పెట్టారంటే పడవకు గట్టిగా బిగించండి, పడవ అంచులు కనబడేలా చూడండి, అప్పుడు కాస్త నయం. ఒక్కో షాటు ఇరవై సెకన్లకు తగ్గకూడదు. కొత్త చోటికి వచ్చిన మనిషి ముందు నాలుగు దిక్కులూ చూసుకుంటాడు. ఆ టైము ఇవ్వాలి.

బండలాగుడు పందేల సంగతి ఇక్కడ చెప్పాలి. ఒంగోలు గిత్తల ఊళ్ళో ఉండి ఆ మాట ఎత్తకుండా ఎలా? పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని పళ్ళను బట్టి విభాగాలు, ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయన్నది లెక్క. నేను మొదట ఎడ్ల జతతో పాటు పరిగెత్తే ఏర్పాటు ఆలోచించాను. మానేశాను. ఎడ్లకూ బెదురు, మనుషులకూ ప్రమాదం. తాడు అవతల, జనం ముందు వరుసలో, ఒక మనిషి నిలబడే చోటే కెమెరా నిలబెట్టాను. ఎడ్లు కెమెరా ముందు ఉండేది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్ల కోసం జనం ఎలా ఎదురుచూస్తారో, జత దగ్గరికి వస్తున్నప్పుడు కేక ఎలా లేస్తుందో, దాటిపోయాక తలలన్నీ ఒక్కసారి ఎలా తిరుగుతాయో, అదంతా వచ్చింది. చూసిన ప్రతివాళ్ళూ జనంతో పాటు తల తిప్పారు. శబ్దం కోసం నాలుగు వైపుల నుంచీ వినే మైకు ఉన్న కెమెరా అయితే మంచిది. ఏ వైపు తిరిగితే ఆ వైపు చప్పుడు వినబడాలి.

మన వాతావరణం గురించి రెండు మాటలు. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఈ కెమెరాలు చిన్న పెట్టెలో రెండు వీడియోలు ఒకేసారి రాస్తాయి, వాటంతటవే వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండలో పెడితే మధ్యలో ఆగిపోతాయి. పొద్దున, సాయంత్రం తియ్యండి, షాటుకు షాటుకు మధ్య నీడలో పెట్టండి. చీకట్లో ఇవి అంత బాగా చూడలేవు, సెన్సార్లు చిన్నవి. రాత్రి ఊరేగింపులకు ఆశ పెట్టుకోకండి. సముద్రం దగ్గర వాడాక, నీళ్ళు చొరని మోడల్ అయితే, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. మెమరీ కార్డు వీ30 అని రాసి ఉన్నదే కొనండి, అది కార్డు వేగం తెలిపే గుర్తు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన రాస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. కార్డు నాసిరకమైతే రికార్డింగు మధ్యలో తెగుతుంది.

ఇంకొకటి. నా మనసులో చాలా రోజులుగా ఉన్న విషయం.

నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్ళాను. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జనం నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు అడుగుతారు, తీరినవాళ్ళు ఇస్తారు. మతం లేదు, ఊరు లేదు. ఒడ్డున కెమెరా పెట్టి పది నిమిషాలు తీశాను. ఇంటికొచ్చి చూస్తుంటే, నేను చూపించాలనుకున్న వైపు కాకుండా వెనక వైపు, ఒకామె తడి చీరతో, సంతానం రొట్టె పట్టుకుని ఏడుస్తోంది. ఆమెకు అక్కడ కెమెరా ఉందని తెలియదు. మామూలు కెమెరా అయితే తన వైపు తిరిగినప్పుడు మనిషికి తెలుస్తుంది, వద్దనుకుంటే ముఖం తిప్పుకుంటుంది. దీనికి తిరగడమనేదే లేదు. చూసినా ఇదేదో కర్రకు కట్టిన నల్ల డబ్బా అనుకుంటారు. ఆ క్లిప్ మొత్తం తీసేశాను. మీరు కూడా, ఇళ్ళలో అయితే ప్రతి ఒక్కరికీ చెప్పండి, ఇది వెనక కూడా చూస్తుందని విడమరిచి చెప్పండి. జనంలో అయితే ఒక అట్ట మీద రాసి స్టాండుకు కట్టండి. ఆడవాళ్ళు స్నానాలు చేసే రేవుల దగ్గర, ఆసుపత్రుల్లో అసలు తీయకండి. గుళ్ళలో అనుమతి లేకుండా పెట్టకండి.

అప్‌లోడ్ గురించి కొద్దిగా. యూట్యూబ్ 2015 నుంచి 360 వీడియోలు తీసుకుంటోంది. కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేరులో కుట్టి, 360గానే ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇబ్బంది లేదు. వేరే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులోకి తీసుకెళ్తే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఇది వీఆర్ వీడియో అని టిక్కు పెట్టాలి. అది మర్చిపోతే సాగదీసిన బొమ్మలా పడుతుంది. పెట్టిన వెంటనే చూసి కంగారు పడకండి, పెద్ద సైజు తయారవడానికి టైము పడుతుంది. వీఆర్ బాక్సు కొనలేని ప్రేక్షకుల గురించి బెంగ వద్దు. 2014లో గూగుల్ అట్టతో చేసిన కార్డ్‌బోర్డు చూపించింది, అలాంటివి కొన్ని వందల్లో దొరుకుతాయి. ఫోనులో జైరోస్కోపు సెన్సార్ ఉండాలి, తక్కువ ధర ఫోన్లు కొన్నింటిలో ఉండదు, తల తిప్పినా బొమ్మ తిరగదు. అట్ట డబ్బా కూడా లేనివాళ్ళు వేలితో జరుపుకుంటూ చూస్తారు. రీల్స్ కోసం అదే వీడియో నుంచి నిలువు ముక్క కోసుకోవచ్చు. ఒకసారి తీసి, తర్వాత ఏ వైపు కావాలంటే ఆ వైపు. నిజానికి ఈ కెమెరాలు కొనేవాళ్ళలో చాలామంది ఆ పనికే కొంటున్నారు. తప్పేం లేదు, ఖర్చు దాంతో వెనక్కి వస్తుంది.

ఖర్చు వెనక్కి రావడానికి ఇంకో దారి 360 ఫోటోలు. కళ్యాణ మండపాలు, హోటళ్ళు, స్కూళ్ళు, అద్దె ఇళ్ళు. వీధుల్ని 360 ఫోటోలుగా చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022లో మన దేశానికి వచ్చినప్పుడు తొలి విడత పది నగరాలే, వాటిలో ఒంగోలు లేదు, నెల్లూరు లేదు. అయినా గూగుల్ మ్యాప్స్‌లో 360 ఫోటోలు మనమే పెట్టొచ్చు. మండపం ఓనరు దగ్గరికి ఊరికే వెళ్ళి మాటలు చెప్తే వినడు. ఆయన మండపాన్ని ఒకటి తీసి, ఫోనులో తిప్పి చూపించండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: అన్నా, ముందు సెల్‌ఫోన్‌తో నేర్చుకోలేమా?)

నేర్చుకోవచ్చు తమ్ముడూ. వీడియో రాదు గానీ చోటు చూసుకోవడం నేర్చుకోవచ్చు. ఇవాళ ఇంటికెళ్ళాక వసారాలో ఒకచోట నిలబడు. కాలు కదపకుండా ఒక చుట్టు చుట్టు. మూడు మీటర్ల లోపల నాలుగు వైపులా చూడదగ్గది ఏమైనా ఉందా? ఒక్క వైపే ఉంటే ఆ చోటు 180కి సరిపోతుంది. నాలుగు వైపులా ఉంటే 360కి. ఏ వైపూ లేకపోతే అడుగు జరుగు. నెలరోజులు ఇది చేసి అప్పుడు కెమెరా కొను.

(ఒక మహిళ: అన్నా, నాది వంటల చానల్. నెల్లూరు చేపల పులుసు 360లో తియ్యాలని ఉంది. పొయ్యి దగ్గర ఎక్కడ పెట్టమంటారు?)

మంచి ప్రశ్నమ్మా. పొయ్యికి మరీ దగ్గర వద్దు, ఆవిరికి లెన్సు మసకబారుతుంది, కుండ కుట్టులో పడి వంకర పోతుంది. మీ ఎదురుగా, పొయ్యికి అవతల, మీటరు దూరంలో పెట్టండి. ఎత్తు, వంట చూస్తూ పీట మీద కూర్చున్న పిల్ల కళ్ళంత. ఒక లెన్సు మీ వైపు, కుండ వైపు. వెనక వైపు కూడా ఖాళీ ఉంచకండి, అక్కడ ఎవరైనా మామిడికాయ ముక్కలు కోస్తూ కూర్చుంటే చూసేవాళ్ళు అటూ తిరుగుతారు. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా కుండనే పట్టుకుని తిప్పుతారు కదా, అప్పుడు మాట్లాడకండి, ఆ చప్పుడు విననివ్వండి. ఇంకో సంగతి. ఈ పులుసు మర్నాటికి కదా అసలు రుచి. పొద్దున మూత తీసేటప్పుడు కూడా కెమెరా అదే చోట, అదే ఎత్తులో ఉండాలి. రాత్రి స్టాండు తీసే ముందు నేల మీద ముగ్గుపిండితో మూడు చుక్కలు పెట్టుకోండి, దాని మూడు కాళ్ళ కిందా.